ఉడీ గత్రీ నవల సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో అమెరికా జానపద గాయకుడు ఉడీ గత్రీ మీద వేసిన వ్యాసం చదివాను. సంతోషం. అయితే ఆయన్ని ఉత్త దేశభక్తి పాటలవాడిగా చూపించి వదిలేశారు. ‘ఈ నేల నీది, ఈ నేల నాది’ అనే ఆయన పేరుమోసిన పాట 1940 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ఓ చవక హోటల్లో రాసింది. రేడియో పెడితే చాలు ‘గాడ్ బ్లెస్ అమెరికా’ అనే దేశభక్తి గీతం మోగుతుంటే ఒళ్లు మండి రాసిన జవాబు. ‘ప్రైవేటు ఆస్తి’ అని బోర్డున్న గోడ మీద ఒక చరణం, పేదలకు సర్కారు సాయం ఇచ్చే రిలీఫ్ ఆఫీసు ముందు ఆకలితో నిలబడ్డ జనం మీద ఒక చరణం ఉన్నాయి. అక్కడి బడిపిల్లలు పాడే పాటలో అవి తరచూ ఎగిరిపోతాయి. మీ వ్యాసంలోనూ ఎగిరిపోయాయి.

బాణీ ఆయన సొంతమన్నారు. కాదు, కార్టర్ ఫ్యామిలీ అనే అమెరికా జానపద గాయక బృందం పాడిన పాత భక్తిగీతం వరస అది. ఇందులో చిన్నతనమేమీ లేదు. మా ఊరి చెక్కభజన వాళ్లు రాముడి పాట వరసలోనే కరువు పాట కట్టేవారు. వరస ముందే వచ్చు కాబట్టి రెండో చరణానికల్లా ఊరంతా అందుకునేది.

ఆయన 1912 జూలై 14న ఓక్లహోమాలోని ఒకీమాలో పుట్టాడు. తండ్రి భూముల వ్యాపారంలో బాగా సంపాదించి, అంతా పోగొట్టుకున్నాడు. అక్క క్లారా ఒంటికి నిప్పంటుకుని చనిపోయింది. తల్లి నోరా ప్రవర్తన మారిపోతుంటే ఊరు పిచ్చి అనుకుంది. ఆమె 1930లో నార్మన్‌లోని ఆస్పత్రిలో పోయింది. అది మెదడును దెబ్బతీసే, వంశపారంపర్యంగా వచ్చే హంటింగ్టన్ వ్యాధి. కొడుక్కీ వచ్చింది. ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో ఉండి 1967లో, 55 ఏళ్లకు పోయాడు. మీ వ్యాసం ఈ భాగాన్ని ‘అనారోగ్యంతో’ అన్న ఒక్క మాటతో ముగించింది.

ఇక నవల. 1935 ఏప్రిల్ 14న పట్టపగలు చీకటి చేసిన దుమ్ము తుపాను వచ్చినప్పుడు ఆయన టెక్సాస్‌లోని పాంపాలోనే ఉన్నాడు. ఆ నేల మీది కథే ‘హౌస్ ఆఫ్ ఎర్త్’. 1947లో రాయడం పూర్తయితే అచ్చయింది 2013లో! టైక్, ఎల్లా మే అనే మొగుడూ పెళ్లాలు పుచ్చిన చెక్క ఇంట్లో ఉంటారు. సందుల్లోంచి గాలీ దుమ్మూ లోపలికి కొడుతుంటాయి. మట్టి ఇటుకలతో ఇల్లు కట్టుకోవడం ఎలాగో చెప్పే వ్యవసాయ శాఖ పుస్తకం ఒకటి, ఐదు సెంట్లది, టైక్ చేతికొస్తుంది. మట్టి ఊరికే దొరుకుతుంది, ఒంట్లో సత్తువ ఉంది. నేల మాత్రం తనది కాదు.

ఇక్కడే ఈ నవల నన్ను పట్టుకుంది. నేను పుట్టింది మట్టిమిద్దెలో. దూలాల మీద కట్టెలు పరిచి, పైన చౌడుమన్ను తొక్కి కప్పేవారు. వానాకాలం ముందు మా నాన్న మిద్దెక్కి కొత్త చౌడు పోసేవాడు. ఎండాకాలం లోపల చల్లగా ఉండేది. మిద్దె మాదే కానీ చేను మాది కాదు, కౌలుది. కౌలు చేలో ఎవరూ బోరు వేయరు, మామిడి చెట్టు పెట్టరు. వచ్చే ఏడు అది ఎవరి చేతికి పోతుందో తెలియనప్పుడు ఎవరు పెడతారు? టైక్ గొడవ చదువుతుంటే అనంతపురం జిల్లా మనిషికి వేరే వివరణ అక్కర్లేదు.

నవలలో లోపాలు లేవని కాదు. కొట్టంలో భార్యాభర్తల శృంగారం పేజీలకు పేజీలు సాగుతుంది, మాటలు మరీ పచ్చిగా ఉంటాయి. మంచు తుపాను రాత్రి కాన్పు ఘట్టం కూడా సాగదీశాడనిపించింది. అయినా పాటగాడి చెవి వాక్యం వాక్యంలో తెలుస్తుంది. మాటకు మాట తగిలించుకుంటూ పోతాడు.

వీలైతే మరో ఆదివారం ఈ నవల గురించి రెండు పేజీలు ఇవ్వండి. అప్పుడు పాట కూడా వేసేట్టయితే ఆ గోడ చరణం మాత్రం వదలకండి.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా