అత్తమ్మ వారం మాత్ర మారుతున్నప్పుడు

హైదరాబాద్

చిన్నీ,

అత్తమ్మకు ఎముకలు గుల్లబారకుండా వేసే ఆలెండ్రోనేట్ వారం మాత్ర ఆపి, అదే పనికి, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ రాశారని చెప్పావు. మంచిదే. మాత్ర గొంతులో, గుండెల్లో పెట్టే మంట దీంతో ఉండదు. కాకపోతే మొదటిసారి రెండు మూడు రోజులు వేరే రకం బాధ ఉండొచ్చు. ముందే తెలిసుంటే హడావుడి పడరు.

ఎక్కించే ముందు కిడ్నీ సంగతి తేల్చుకో. రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.1 అని ఉండగానే నార్మల్ అనేసుకుంటారు. కానీ 76 ఏళ్లు, 45 కిలోలు ఉన్న ఆడమనిషికి 1.1 అంటే, వయసూ బరువూ వేసి లెక్కగడితే క్లియరెన్స్, అంటే కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం, 31 దగ్గర తేలుతుంది. 35 కన్నా తక్కువైతే ఈ మందు ఇవ్వకూడదు. అందుకే "క్లియరెన్స్ ఎంత?" అని అడుగు. కాల్షియం, విటమిన్ డి కూడా చూపించాలి. డి తక్కువుంటే ముందు దాన్ని సరిచెయ్యాలి, లేకపోతే రక్తంలో కాల్షియం పడిపోతుంది. 60,000 యూనిట్ల సాషే మామూలుగా వారానికొకటి రాస్తారు, రోజూ కాదు. ఆ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది. పీకించాల్సిన పన్ను ఉంటే అదీ ముందే అయిపోవాలి. ఎక్కించాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోవడం అరుదే అయినా, వస్తే తేలిగ్గా పోదు.

ఏకాదశి నాడు మాత్రం తీసుకెళ్లకు. ఉపవాసంతో, ఒంట్లో నీళ్లు లేకుండా ఎక్కిస్తే కిడ్నీ మీద భారం. బయల్దేరే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించు. మందు 15 నిమిషాలకు తగ్గకుండా ఎక్కాలి. నర్సు తొందరపడితే మొహమాటపడకుండా చెప్పు.

ఆ సాయంత్రమో మర్నాడో చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి రావొచ్చు. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు. మందు తెల్లకణాల్లో ఒక రకాన్ని రెచ్చగొడుతుంది, అవి వదిలే రసాయనాలకే ఒళ్లు కాగుతుంది. యాంటీబయాటిక్ అక్కర్లేదు. ముందు వారం మాత్ర వాడినవాళ్లకు కాస్త తక్కువే వస్తుంది, రెండో ఏడాది ఇంకా తక్కువ. డాక్టర్ సరేనంటే ఎక్కించిన రోజు నుంచే పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి చొప్పున మూడు రోజులు వెయ్యి. రోజుకు నాలుగు దాటొద్దు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అవి కలపకు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దే వద్దు, కిడ్నీకి చేటు.

జ్వరం మూడు రోజులు దాటితే దీని ఖాతాలో వేసి కూర్చోకు. వానాకాలం మన హైదరాబాద్‌లో డెంగ్యూ పరీక్ష చేయించాల్సిందే. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, మూతి చుట్టూ వేళ్లకొసల్లో తిమ్మిర్లు వచ్చినా, గుండె దడదడలాడినా ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. నెలలు గడిచాక తొడలోనో గజ్జల్లోనో కొత్తగా నొప్పి వస్తే మోకాళ్ల అరుగుదల అని నూనె రాసి వదిలెయ్యొద్దు, ఎక్స్‌రే తీయించాలి.

కాల్షియం మాత్ర ఆపకు. కార్బొనేట్ రకమైతే అన్నం తిన్న వెంటనే, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడంతో.

ఎముకలకే ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ అయితే ఈ జ్వరం బాధే ఉండదని ఎవరో చెప్పారన్నావు. నిజమే. కానీ దాని తేదీ తప్పకూడదు. వేరే మందు పెట్టకుండా మానేస్తే ఎముక వేగంగా గుల్లబారి, వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరిగే ప్రమాదముంది. డాలస్ వెళ్లి కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చే మనిషికి, కిడ్నీ బాగుంటే, ఏడాది మందే నయం.

పాత ఆలెండ్రోనేట్ స్ట్రిప్ మందుల డబ్బాలోంచి తీసెయ్యి. లేకపోతే ఆదివారం పొద్దున్నే అలవాటుగా వేసేసుకుంటారు.

అమ్మ