వార్షిక నివేదిక 2025-26: పఠన మందిరం కంప్యూటర్లు, కొత్త బ్రౌజర్

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఏటా జరిగే కార్యక్రమాలన్నీ ఈ ఏడాదీ జరిగాయి. ఉగాది పంచాంగ శ్రవణం, వానలకు ముందు కాలువల పూడికతీత, కంటి పరీక్షల శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ సభ్యుల సహకారంతో సజావుగా సాగాయి. ఫొటోలు నోటీసు బోర్డులో పెట్టాం. ఆడిట్ పూర్తయిన జమాఖర్చులను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ భాగం మన పఠన మందిరం కంప్యూటర్ల గురించే రాస్తున్నాను. ఉద్యోగ దరఖాస్తులు పెట్టుకునే పిల్లలు, పెన్షన్ పనులు చూసుకునే పెద్దలు రోజూ వాడేది వాటినే. ఈ ఏడాది అందరూ ఎక్కువగా అడిగింది కూడా వాటి సంగతే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ తేదీ ముందే తెలుసు కాబట్టి కార్యవర్గం వేసవిలోనే చర్చ మొదలుపెట్టింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. మన మెషీన్లు సభ్యులు విరాళంగా ఇచ్చిన పాతవి, ఆ షరతులకు సరిపోవు. భద్రతా అప్‌డేట్లను ఇంకో ఏడాది పొడిగించుకునే వీలుందని కొందరు సూచించారు. అయినా ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే చర్చ వస్తుంది. బాగా నడుస్తున్న కంప్యూటర్లను పాత సామాన్ల వాడికి వేయడం ఎవరికీ ఇష్టం లేదు. అందుకే విండోస్‌కు బదులు డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో పెట్టుకున్నాం. డెబియన్ 1993లో మొదలైంది. ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి నడిపే ఓపెన్ సోర్స్ వ్యవస్థ ఇది. డబ్బు కట్టక్కర్లేదు, పాత మెషీన్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది.

తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేశాక పేజీల్లో తెలుగు చక్కగా కనబడింది. టైపింగ్‌కు వాడే ఐబస్ సాధనంలో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్ కీబోర్డు పద్ధతులు రెండూ దొరికాయి. డీటీపీ చేసి అలవాటున్న సభ్యులకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకుండా పోయింది. ఇబ్బంది వచ్చింది బ్రౌజర్ దగ్గరే.

డెబియన్‌తో పాటు వచ్చేది ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్. సంస్థల కోసం ఎక్కువ కాలం మార్పుల్లేకుండా ఉంచే రకం అది. మేం పెట్టిన రోజుల్లో అందులో వెర్షన్ 128 ఉంది. అప్పటికి మామూలు ఫైర్‌ఫాక్స్ 142కి చేరింది. ఆ తేడా చూసి చాలామంది కంగారుపడ్డారు. ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఈఎస్ఆర్ ప్రమాదకరమైనది కాదు. కొత్త సదుపాయాలు రావు కానీ భద్రతా సవరణలు క్రమం తప్పకుండా వస్తాయి. మామూలు ఫైర్‌ఫాక్స్ మాత్రం నాలుగు వారాలకోసారి కొత్త వెర్షన్ తెస్తుంది. అయితే ఒక దరఖాస్తుల సైటు మన పిల్లలు లాగిన్ కాబోతుంటే "మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి" అంటూ ముందుకు పోనివ్వలేదు. గడువు దగ్గరపడ్డ పిల్లలకు అదెంత టెన్షనో ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు. దాంతో కొత్త ఫైర్‌ఫాక్స్ పెట్టాలని నిర్ణయించాం.

విండోస్‌లో అయితే ఫైలు దించుకుని రెండుసార్లు క్లిక్ చేస్తే పని అయిపోయేది. ఇక్కడా ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సైటు నుంచి కంప్రెస్ చేసిన ఫైలు దించుకుని విప్పుకోవచ్చు. మనం ఆ దారి వద్దనుకోవడానికి కారణం ఉంది. అలా పెట్టిన ఫైర్‌ఫాక్స్ తనంతట తాను అప్‌డేట్ కావాలంటే, అది ఉన్న ఫోల్డర్‌లో మార్పులు చేసే అధికారం వాడేవాళ్లకు ఉండాలి. పదిమంది కూర్చునే కంప్యూటర్‌లో అందరికీ ఆ అధికారం ఇవ్వలేం. ఇవ్వకపోతే బ్రౌజర్ పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ పాతదైపోతుంది. కావలసిన ఫైళ్లన్నీ వెంట తెచ్చుకునే ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీ పద్ధతి గురించి కూడా ఆలోచించాం గానీ చిన్న డిస్కుల్లో దానికి చోటు చాలదు.

చివరికి మొజిల్లా వారి సొంత ఏపీటీ రిపాజిటరీని, అంటే డెబియన్ ప్యాకేజీలు దించుకునే ఆన్‌లైన్ భాండాగారాన్ని, ఎంచుకున్నాం. మామూలు ఫైర్‌ఫాక్స్ ప్యాకేజీని మొజిల్లా 2024 జనవరిలో, వెర్షన్ 122తో, ఇందులో ఇవ్వడం మొదలుపెట్టింది. డెబియన్ మిగతా సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకునే పద్ధతిలోనే బ్రౌజర్ కూడా నేరుగా తయారీదారు నుంచి వస్తుంది. మన అనుభవంలో ఒకరి మీద ఆధారపడకుండా కలకాలం నడిచే పద్ధతి ఇదే.

ఇందులో మొదటి పని మొజిల్లా డిజిటల్ సంతకపు తాళంచెవి (సైనింగ్ కీ) ఫైలును దించి సిస్టమ్‌లో దాచుకోవడం. వచ్చే ప్రతి ప్యాకేజీ నిజంగా మొజిల్లా నుంచే వచ్చిందా అని డెబియన్ ఈ తాళంచెవితో సరిచూసుకుంటుంది. దించిన తాళంచెవే అసలుదో కాదో తెలిసేది దాని వేలిముద్రతో. అది అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన నలభై గుర్తుల వరస. మొజిల్లా పేజీలో ఉన్న వరసను మన వాలంటీరు ఫోన్‌లో తెరిచి నాలుగేసి గుర్తుల చొప్పున పైకి చదివింది. తెర మీద ఉన్నదాన్ని మాస్టారు పెన్సిల్ మొనతో చూపిస్తూ "ఊఁ, తర్వాత" అంటూ సరిచూశారు. అన్నీ కలిశాకే ముందుకెళ్లాం. ఈ పని ఎవరూ దాటవేయకూడదని కార్యవర్గం నియమం పెట్టుకుంది.

తర్వాత రిపాజిటరీ చిరునామాను ఒక చిన్న ఫైల్లో రాసి, జాబితా తాజా చేసి, ఫైర్‌ఫాక్స్‌ను, దాని తెలుగు భాషా ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయమని ఆజ్ఞ ఇవ్వాలి. అడ్మిన్ అధికారం లేకుండా ఇది కుదరదు. డెబియన్ పెట్టేటప్పుడు రూట్ అనే అడ్మిన్ ఖాతాకు పాస్‌వర్డ్ ఇస్తే మామూలు ఖాతాకు ఆ అధికారం రాదు. మన దగ్గర కావాలనే అలా ఉంచాం. ఆ పాస్‌వర్డ్ అధ్యక్షుల వారి దగ్గర, నా దగ్గర సీలు వేసిన కవర్లలో ఉంది. శిక్షణ రోజున మాస్టారు టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో, పాస్‌వర్డ్ కొట్టడం మొదలుపెట్టి ఆగిపోయారు. "అమ్మాయీ, ఒక్క చుక్క కూడా పడట్లేదు, కీబోర్డు చెడిపోయిందేమో చూడమ్మా" అన్నారు. "బాగానే ఉంది మాస్టారూ, ఇక్కడ పాస్‌వర్డ్ తెర మీద కనబడదు. పూర్తిగా కొట్టేసి ఎంటర్ నొక్కండి" అంది వాలంటీరు. కొత్తగా నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఆగిపోయేది అక్కడే కాబట్టి ఆ మాటను గోడకు అంటించిన సూచనల కాగితంలో మొదటి వరసలోనే రాయించాం.

కొత్త ఫైర్‌ఫాక్స్ తెరవగానే బుక్‌మార్కులన్నీ పోయాయని కొందరు బాధపడ్డారు. ఏమీ పోలేదు. ఫైర్‌ఫాక్స్ 67 నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు వేరే ప్రొఫైల్ (బుక్‌మార్కులు, సెట్టింగులు దాచే ఫోల్డర్) తయారవుతుంది. ఈఎస్ఆర్‌వి ఈఎస్ఆర్‌లోనే భద్రంగా ఉన్నాయి. వాటిని ఫైలుగా ఎగుమతి చేసి కొత్తదాంట్లోకి తెచ్చుకున్నాం. రెండు ప్యాకేజీల పేర్లు వేరు కాబట్టి పక్కపక్కనే ఉండగలవు. ఈఎస్ఆర్‌ను తీసేయలేదు, అవసరానికి అదీ ఉంటుంది.

పెద్దలు బ్యాంకు పనులు కూడా ఇక్కడే చూసుకుంటున్నారు కాబట్టి ఇంకో జాగ్రత్త తీసుకున్నాం. ఫైర్‌ఫాక్స్ నియమాలను ఒకే ఫైల్లో రాసి సిస్టమ్‌లో ఉంచితే ఆ కంప్యూటర్‌లో ఎవరు కూర్చున్నా అవే వర్తిస్తాయి. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటావా అని అది అడగదు. బ్రౌజర్ మూయగానే చూసిన పేజీల చరిత్ర, లాగిన్లు చెరిగిపోతాయి. దయచేసి లేచే ముందు బ్రౌజర్ మూయడం మాత్రం మరవకండి. కిటికీని చిన్నది చేసి వెళ్లిపోతే ఈ రక్షణ పనిచేయదు.

అప్‌డేట్లు వాటంతటవే వచ్చే ఏర్పాటు డెబియన్‌లో ఉంది, కానీ మామూలుగా అది డెబియన్ సొంత ప్యాకేజీలనే చూస్తుంది. మొజిల్లా రిపాజిటరీ పేరును అందులో విడిగా చేర్చాం. ఆ తర్వాత వచ్చిన చిక్కు ఒకటే. ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉండగా వెనక అప్‌డేట్ అయితే, కొత్త ట్యాబ్ తెరవగానే బ్రౌజర్‌ను మళ్లీ ప్రారంభించమంటుంది. ఒక పెద్దావిడ ఫారం సగం నింపాక అలా జరిగింది. పాపం ఆవిడ మళ్లీ మొదటి నుంచి నింపాల్సి వచ్చింది. అందుకని ఇప్పుడు పొద్దున మందిరం తెరిచే వాలంటీరే, ఎవరూ రాకముందు, అప్‌డేట్ చూసి రిజిస్టర్లో సంతకం పెడుతున్నారు. ఈ పని నేర్చుకుని వంతులవారీగా చేస్తున్న డిగ్రీ విద్యార్థులకు, విశ్రాంత ఉద్యోగులకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. వీళ్లలో చాలామంది అంతకుముందు టెర్మినల్ తెరిచి ఎరగరు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. మొదటిది, డెబియన్ 12కు పూర్తి స్థాయి భద్రతా మద్దతు 2026 జూన్ 10 వరకే. ఆ తర్వాత 2028 జూన్ వరకు దీర్ఘకాలిక మద్దతు ఉన్నా, డెబియన్ 13 2025 ఆగస్టులోనే విడుదలైంది కాబట్టి వేసవి సెలవుల్లో దానికి మారాలని కార్యవర్గం అభిప్రాయం. రెండోది, గుమ్మం పక్కనున్న పాత కంప్యూటర్ పాత తరం 32 బిట్ ప్రాసెసర్‌ది. 32 బిట్ లినక్స్‌కు ఫైర్‌ఫాక్స్ 144 ఆఖరిది, 145 నుంచి రాదు. డెబియన్ 13కు 32 బిట్ ఇన్‌స్టాలర్ కూడా లేదు. ప్రస్తుతం అందులో ఈఎస్ఆర్ 140 నడుస్తోంది. దానికి 2026 సెప్టెంబర్ వరకైనా మద్దతు ఉంటుందని మొజిల్లా చెప్పింది. ఆలోపు ఆ మెషీన్‌ను మార్చాలి. ఇంట్లో వాడకుండా ఉన్న 64 బిట్ కంప్యూటర్ ఉంటే సభ్యులు విరాళంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. విండోస్ 11కు పనికిరాదని పక్కన పెట్టింది అయినా ఫరవాలేదు.

ఈ రెండు ప్రతిపాదనలకు సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి