సియాటిల్‌కే మొదటి హక్కు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో ఏ జట్టయినా ఊరు మారవలసి వస్తే, ముందుగా సియాటిల్‌నే పరిశీలించాలి. 1967 నుంచి ఇక్కడే ఆడి, 1979లో టైటిల్ గెలిచిన సూపర్‌సోనిక్స్ జట్టు, కొత్త స్టేడియానికి ప్రజాధనం ఇవ్వడంపై ఒప్పందం కుదరక 2008లో ఓక్లహోమా సిటీకి తరలిపోయింది. పాత పైకప్పును అలాగే నిలబెట్టి, దాని కింద లోతుగా తవ్వి పునర్నిర్మించిన, సూపర్‌సోనిక్స్ ఆడిన స్టేడియమే 2021లో తెరుచుకుంది కనుక, నాటి అభ్యంతరం నేడు చెల్లదు. ప్రస్తుతం అందులో ఐస్ హాకీ జట్టు ఆడుతోంది.

లాస్ వేగాస్‌లోనూ 2016 నుంచి చక్కని స్టేడియం ఉంది. అయితే సీజన్ పొడవునా సీట్లు నింపవలసింది పర్యాటకులు కాదు, స్థానికులు. 1985లో కింగ్స్ జట్టును శాక్రమెంటోకు పోగొట్టుకున్న కాన్సాస్ సిటీ, 2007లో స్టేడియం కట్టుకున్నా, అందులో ఆడే ప్రధాన లీగ్ జట్టును రప్పించుకోలేకపోయింది. వాంకూవర్ సంగతి అంటారా, దాని గ్రిజ్లీస్ జట్టు ఆరు సీజన్లకే 2001లో మెంఫిస్‌కు వెళ్లిపోయింది.

— ఒక పాఠకుడు, బెల్‌వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం