ముందస్తు సర్వేల ఆధిక్యాలు, సొంత రాష్ట్రం ఓట్లు

సంపాదకుడు గారికి,

2028 అమెరికా అధ్యక్ష ఎన్నికలపై సర్వేలు ఇప్పటికే వార్తలకెక్కుతున్నాయి. బరిలో ఎవరుంటారో తేలకుండానే ఎవరు ముందున్నారో చెప్పేస్తున్నారు. ఆ సర్వేలనూ, ఫలానా రాష్ట్రం ఫలానా అభ్యర్థి సొంతమనే మాటలనూ మన పత్రికలు అచ్చువేసే తీరు గురించే ఈ ఉత్తరం.

ఇది మనకు పట్టని విషయం కాదు. 2024 అక్టోబరులో మా పక్కింటావిడ ఒక స్వింగ్ రాష్ట్రం (ఏ పార్టీ వైపైనా మొగ్గగల రాష్ట్రం) సర్వే వార్త పట్టుకొచ్చి, "కమలా హారిసే గెలుస్తుందటగా మాస్టారూ, మావాడి వీసాకి ఇబ్బంది ఉండదుగా?" అని అడిగింది. కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ వార్తలో ఒకరికి 48 శాతం, ఇంకొకరికి 45 శాతం అని ఉంది. ఎంతమందిని అడిగారో, ఏ తేదీల్లో అడిగారో ఎక్కడా లేదు. 600 మందిని అడిగారనుకుందాం. అప్పుడు ఒక్కో అంకె నాలుగు శాతం అటో ఇటో కావచ్చు. 48 అన్నది 44 కావచ్చు, 45 అన్నది 49 కావచ్చు. ఆ మూడు శాతం తేడా చూసి ఎవరు ముందున్నారో తేల్చలేం. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే ఆవిడ అంత ఆశ పెట్టుకునేది కాదు.

జవాబిచ్చేవాళ్లు ఒక తరహా, ఇవ్వనివాళ్లు మరో తరహా అయితే ఆ తప్పు ఈ లెక్కకు కూడా అందదు. 2020 అక్టోబరు చివర్లో వాషింగ్టన్ పోస్ట్, ఏబీసీ కలిసి చేసిన సర్వే విస్కాన్సిన్‌లో బైడెన్‌కు 17 శాతం ఆధిక్యం చూపించింది. ఆయన గెలిచింది 20,682 ఓట్లతో, అంటే ఒక్క శాతం కూడా లేదు. రోజుల ముందు చేసిన సర్వే గతే ఇది. నెలల ముందటి వాటి సంగతి చెప్పాలా? 1976 వేసవిలో గాలప్ సర్వే డెమోక్రాట్ల అభ్యర్థి జిమ్మీ కార్టర్‌కు 33 శాతం ఆధిక్యం ఇచ్చింది; నవంబరులో మిగిలింది రెండు. 1988 వేసవిలో 17 శాతం ముందున్న డెమోక్రాట్ల అభ్యర్థి డుకాకిస్ చివరికి ఓడిపోయారు.

ఇక అభ్యర్థికి సొంత రాష్ట్రంలో ఉంటుందనే బలం. అది బొత్తిగా లేదనను. జార్జియా మనిషి కార్టర్ 1976లో పాత కాన్ఫెడరసీ (అంతర్యుద్ధ కాలంలో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది) రాష్ట్రాలు 11లో వర్జీనియా తప్ప అన్నీ గెలిచారు. నాలుగేళ్లు తిరిగేసరికి వాటిలో ఆయనకు దక్కింది జార్జియా ఒక్కటే. 2000లో డెమోక్రాట్ల అభ్యర్థి అల్ గోర్ అయితే సొంత టెనెసీనే పోగొట్టుకున్నారు. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో ఆయన ఓడిన సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, టెనెసీ 11 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రం గెలిచినవారికి దక్కేవి, అధ్యక్షుణ్ణి తేల్చేవి ఇవే) వచ్చి ఉంటే ఫ్లోరిడా లేకుండానే ఆయన అధ్యక్షుడయ్యేవారు.

2024లో జె.డి. వాన్స్ ఉపాధ్యక్ష అభ్యర్థి కాగానే, ఆయన భార్య ఉష పూర్వీకుల ఊరని మా తణుకు పక్కనున్న వడ్లూరు పేరు దేశమంతా మారుమోగింది. ఆ ఊరి సంతోషాన్ని తప్పుపట్టను, నాకూ సంతోషమే. కానీ ఓట్ల లెక్క వేరు. వాన్స్ సొంత ఒహాయోలో ట్రంప్ ఆధిక్యం 2020లో ఎనిమిది శాతం ఉంటే 2024లో 11 అయింది. అవతలి పక్షం ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్ గవర్నరుగా ఉన్న మిన్నెసోటాలో డెమోక్రాట్ల ఆధిక్యం ఏడు నుంచి నాలుగుకు తగ్గింది. రెండుచోట్లా ఓటు మూడు శాతమే కదిలింది, అదీ ట్రంప్ వైపే. దేశం మొత్తమ్మీద ఆరు శాతం దాకా అటు మళ్లింది. వాన్స్ వల్లే ఒహాయో వచ్చిందని ఈ అంకెలు చూసి ఎవరూ అనలేరు.

మన దగ్గర 2024 లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్‌లో చాలావరకు ఎన్డీయేకు 350 దాటిస్తే, వచ్చినవి 293. ఆ అనుభవం ఉన్న పాఠకులం మేం.

అందుకని నా విన్నపం ఇది. సర్వే వార్త వేసినప్పుడు ఎంతమందిని, ఏ తేదీల్లో, ఎలా అడిగారో, ఎవరు చేయించారో, అంకెలు ఎంత శాతం అటో ఇటో కావచ్చో తప్పకుండా వేయండి. అభ్యర్థుల మధ్య తేడా ఆ పరిధిలోపే ఉంటే శీర్షికలో ఎవరినీ ముందు నిలబెట్టకండి. ఫలానా రాష్ట్రం ఫలానావారి సొంతమని రాసేటప్పుడు, అక్కడ గత రెండు ఎన్నికల్లో ఎవరికి ఎన్ని ఓట్లొచ్చాయో పక్కనే చిన్న పెట్టెకట్టి ఇవ్వండి.

— ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, తణుకు