తేట నీటిలో లూర్ రంగు: చేప దగ్గర నిలబడి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో లూర్లతో, అంటే గాలానికి కట్టే బొమ్మ ఎరలతో, చేపలు పట్టడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. కొత్తగా గాలం పట్టినవాళ్ల కోసం ఒక పత్రిక ఇంత చోటు ఇవ్వడం చాలా సంతోషం. ముడులు వేయడం గురించి, కొక్కెం పదును చూసుకోవడం గురించి రాసినవి బాగా పనికొస్తాయి. కానీ తేట నీటి సరస్సుల దగ్గరికి వచ్చేసరికి వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎర్ర లూర్ కట్టండి, చేప రక్తం అనుకుని వస్తుంది అన్నారు. అది నమ్మి ఎవరైనా పెట్టె నిండా ఎర్రవే నింపుకుని వెళ్తే, రోజంతా ఏమీ పడక, అక్కడ చేపలే లేవనుకుని గాలం పక్కన పడేస్తారేమోనని నా బాధ. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నేను చెక్కతో లూర్లు చెక్కి, రంగులు వేస్తాను. చాలా ఏళ్లుగా ఇదే నా పని. బ్రష్ ముంచే ముందు ఒక్కటే ఆలోచిస్తాను: ఇది నీళ్లలో ఎంత లోతున, చేపకు ఎంత దూరంలో ఉండబోతోంది? దానికి జవాబు తెలియకుండా రంగు గురించి మాట్లాడి లాభం లేదు.

ఎందుకంటే నీళ్లు వెలుతురును తాగేస్తాయి, అదీ అన్ని రంగులనూ ఒకేలా కాదు. ముందు పోయేది ఎరుపే. ఎంత తేట నీళ్లయినా 5, 6 మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు మాయమవుతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. బాగా తేటగా ఉన్న సరస్సుల్లో అందరికంటే లోతుకు వెళ్లేది నీలం. కాస్త నాచు ఉన్నచోట నీలం కూడా తగ్గిపోయి ఆకుపచ్చ మిగులుతుంది. ఎర్ర వెలుతురు చేరని చోట ఎర్ర రంగుకు తిప్పి పంపడానికి ఏమీ ఉండదు. అక్కడ అది ముదురు బూడిద రంగు ముక్క, అంతే.

చాలామంది ఇక్కడ లోతు ఒక్కటే లెక్కేస్తారు. దూరాన్ని కూడా కలపాలి. లూర్ 2 మీటర్ల లోతులో ఉంది, చేప అక్కడికి 4 మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. సూర్యుడి వెలుతురు 2 మీటర్లు కిందికి దిగి, లూర్ మీద పడి, మళ్లీ 4 మీటర్లు అడ్డంగా ప్రయాణం చేసి చేప కంట్లో పడాలి. మొత్తం 6 మీటర్ల నీళ్లు. అంటే పైపైనే ఈదే ఎర్ర లూర్ కూడా దూరం నుంచి చూసే చేపకు ఎర్రగా కనపడదు. తేట నీటి గొప్పతనమే దూరం నుంచి చూడగలగడం కాబట్టి ఈ లెక్క ఇక్కడ మరీ ముఖ్యం. ఎరుపు అసలు పనికిరాదని నేననను. మోకాలి లోతు నీళ్లలో, రాళ్ల మధ్య, చేప దగ్గరగా వచ్చి చూసేచోట ఎరుపు ఎరుపే, అక్కడ నేనూ కడతాను. లోతు నీళ్లలో కూడా ఆ ముదురు ఆకారం ఒక్కోసారి పని చేస్తుంది. కానీ అప్పుడు పని చేసింది నలుపే, రక్తంతో దానికి సంబంధం లేదు.

ఫ్లోరోసెంట్ రంగుల సంగతి వేరు. అవి తమ మీద పడిన నీలం, అతినీలలోహిత కిరణాలను తీసుకుని నారింజగానో, పచ్చటి పసుపుగానో తిరిగి వదులుతాయి. అందుకే మామూలు నారింజ చచ్చుబడిపోయిన లోతులో కూడా ఫ్లోరోసెంట్ నారింజ వెలుగుతూనే ఉంటుంది. గాలి లేక నీళ్లు కదలకుండా ఉన్న మిట్టమధ్యాహ్నం తేట నీటిలో దాన్ని వాడితే మాత్రం అతి అవుతుందని నా అభిప్రాయం. గాలికి పైన అలలు లేచి వెలుతురు ముక్కలు ముక్కలైన రోజుల్లో, లూర్‌ను వేగంగా లాగేటప్పుడు, కొంచెం వాడొచ్చు. తోక దగ్గర ఒక చుక్క, గొంతు కింద ఒక గీత, అంతకు మించి వద్దు.

తేట నీటికి నేను మొదట తీసేది వెండి రంగు, లేదంటే ఆర్‌పార్ కనపడే పారదర్శకమైన ప్లాస్టిక్. దీని కారణం అసలు చేపల ఒంటి మీదే ఉంది. చిన్న చేపల పొలుసుల కింద గ్వానిన్ అనే పదార్థపు పలుచటి స్ఫటికాలు పొరలు పొరలుగా ఉంటాయి. అవి చుట్టూ ఉన్న వెలుతురును అద్దంలా తిప్పి పంపుతాయి. చుట్టూ ఆకుపచ్చ నీళ్లుంటే చేప పక్కభాగం ఆకుపచ్చగా, నీలం నీళ్లుంటే నీలంగా కనపడుతుంది, అంటే దాదాపు కనపడకుండా పోతుంది. ఒళ్లు తిప్పినప్పుడు మాత్రం ఒక్కసారి తళుక్కుమంటుంది. వేటాడే చేప ఎదురుచూసేది ఆ తళుకు కోసమే. వెండి రేకు అంటించిన లూర్ కూడా ఏ సరస్సులో వేస్తే ఆ సరస్సు రంగు తెచ్చుకుంటుంది, ఏ లోతుకు దించితే ఆ లోతులో మిగిలిన వెలుతురునే వాడుకుంటుంది. ఏ డబ్బాలోని రంగూ అలా చేయలేదు. అందుకే పక్కలకు నేను రంగు దాదాపు వేయను. వీపు మీద పలుచగా ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, కడుపుకు ముత్యపు తెలుపు, మధ్యలో రేకు. పైన మందంగా వార్నిష్ పూసి పొలుసు గీతలను కప్పేయకూడదు, తేట నీటిలో చేప దగ్గరకొచ్చి తీరిగ్గా చూస్తుంది.

ముసురు పట్టిన రోజున వెండి కూడా మసకబారుతుంది, తిప్పి పంపడానికి పైనుంచి వచ్చేదే తక్కువ కదా. అప్పుడు రంగు కంటే ఆకారం ఎంత స్పష్టంగా ఉందన్నది చూసుకోవాలి. చీకటి పడే వేళ మరీను. చేప కంటిలో కూడా రంగులు గుర్తుపట్టే కణాలు పక్కకు తప్పుకుని, మసక వెలుతురులో చూసే కణాలు పని అందుకుంటాయి. ఆ వేళ నల్ల లూర్ కట్టి పైపైన లాగితే, కింద ఉన్న చేపకు మిగిలిన కాస్త ఆకాశం మీద ఆ నలుపు స్పష్టంగా తెలుస్తుంది.

కింద నుంచి చూడటం అన్నాను కాబట్టి ఇంకొంచెం చెబుతాను. నీళ్లలో డైవింగ్ మాస్క్ పెట్టుకుని పైకి చూస్తే ఆకాశమంతా దాదాపు 97 డిగ్రీల కోణంలో ఒక గుండ్రటి కిటికీలో కనపడుతుంది. ఆ కిటికీ బయట నీటి పైపొర కింది దృశ్యాన్నే తిప్పి చూపిస్తుంది. నేను చేసిన ప్రతి కొత్త లూర్‌నూ దారం కట్టి దించి, కింద నుంచి, పక్క నుంచి చూస్తాను. కిటికీ మధ్యలోకి వచ్చినప్పుడు ముత్యపు తెలుపు కడుపు కూడా నల్లటి నీడలా కనపడుతుంది, అదే లూర్ కిటికీ అంచు దాటగానే తెల్లబడుతుంది. మాస్క్ దొరికినవాళ్లు ఒక్కసారి ఇది చేసి చూస్తే షాపులో లూర్లు ఏరుకునే తీరే మారిపోతుంది. అక్కడ వరసగా వేలాడదీసిన రంగులన్నీ ముందు మన కంటికి నచ్చాలని వేసినవే.

చేపల కళ్లన్నీ ఒకటి కాదు. పెద్దనోటి బాస్ చేప కంట్లో రంగులు పట్టే కణాలు రెండు రకాలే, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు స్పందిస్తాయి. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ చేపలకు రంగులు నేర్పి పరీక్ష పెట్టారు. ఎరుపును, ఆకుపచ్చను అవి బాగా గుర్తుపట్టాయి. పచ్చటి పసుపుకూ తెలుపుకూ మధ్య, నీలానికీ నలుపుకూ మధ్య తికమకపడ్డాయి. పసుపు లూర్ పనిచేయలేదని విప్పి తెల్లది కట్టేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ట్రౌట్ పిల్లలకైతే అతినీలలోహిత కిరణాలు కూడా కనపడతాయి, ఎదిగేకొద్దీ ఆ కణాలు చాలావరకు పోతాయి. ఏ చేప కోసం వెళ్తున్నామో చెప్పకుండా రంగు చెప్పడం కూడా అందుకే తప్పు.

ఇంతకీ నీళ్లు తేటగా ఉన్నాయని ఎవరు తేల్చాలి? ఒడ్డున నిలబడి కళ్లతో అంచనా వేస్తే సరిపోదు. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త మధ్యధరా సముద్రంలో తెల్లటి పళ్లేన్ని దించి, అది కనపడకుండా పోయే లోతు కొలిచారు. సరస్సులకు ఇప్పటికీ అదే పద్ధతి, 20 సెంటీమీటర్ల వెడల్పున్న పళ్లెం చాలు. మన దగ్గరున్న ఏ తెల్ల పళ్లేనికైనా బరువు కట్టి, తాడు మీద మీటరుకో ముడి వేసుకుంటే ఆ పని అయిపోతుంది. ఇది ఒక్కసారి కొలిచి వదిలేసేది కూడా కాదు. అమెరికాలోని టాహో సరస్సులో 1968లో ఈ పళ్లెం కనపడిన లోతు ఏడాది సగటున 31 మీటర్లు దాటింది, ఈమధ్య 20 మీటర్ల చుట్టుపక్కల తిరుగుతోంది. అదే ఉత్తర అమెరికా మహా సరస్సుల్లో 1980ల చివర జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప జాతి వచ్చిపడి, నీళ్లను వడగట్టేసి, చాలాచోట్ల ముందుకంటే తేటగా చేసేసింది. వాన పడితే రెండు రోజుల్లోనే లెక్క మారుతుంది. పోయినేడాది పనిచేసిన రంగు ఈ ఏడాదీ పనిచేయాలని లేదు.

దారం గురించి వ్యాసంలో ఒక్క మాటా లేదు. తేట నీటిలో రంగు ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, లావుపాటి నైలాన్ దారం కడితే చేప ముందు దాన్నే చూస్తుంది. ఫ్లోరోకార్బన్ అనే మరో రకం దారం వక్రీభవన గుణకం, అంటే వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, దాదాపు 1.42, నీళ్లది 1.33, నైలాన్‌ది ఇంకా ఎక్కువ. నీటికి దగ్గరగా ఉన్నది తక్కువ కనపడుతుంది. లూర్ ముందు ఒక మీటరు ముక్క సన్నటి ఫ్లోరోకార్బన్ కట్టుకున్నా మేలే.

మిమ్మల్ని నేను అడిగేది ఇది. ఇకపై ఏ లూర్ రంగు గురించి అచ్చు వేసినా పక్కన నీళ్ల తేట ఎన్ని మీటర్లు, లూర్ ఎంత లోతు, ఏ వేళ, ఏ చేప అన్న నాలుగు వివరాలూ వేయండి. వీలైతే వచ్చే ఆదివారం ఒకే ఎర్ర లూర్ ఫోటోలు మూడు పక్కపక్కన ప్రచురించండి: నీళ్ల పైన ఒకటి, 3 మీటర్ల లోతున ఒకటి, 6 మీటర్ల లోతున ఒకటి. తీసేటప్పుడు కెమెరాలో రంగులను దానంతట అదే సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయమనండి, ఫ్లాష్ అసలు వాడొద్దనండి. ఫ్లాష్ వేస్తే ఎరుపు తిరిగి వచ్చేస్తుంది. లూర్ కావాలంటే నేనే చేసి పంపుతాను.

ఇట్లు,
లూర్లు చెక్కే మీ పాఠకుడు