అరవై దాటినవాళ్లకి ఆ పాలసీ ఇక మా దగ్గర దొరకదు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లడానికి వీసా, ఇన్సూరెన్స్ పనులు మా అరండల్‌పేట ఆఫీసుకి అప్పగిస్తూ వస్తున్న పెద్దలందరికీ నమస్కారం. అరవై దాటి, బీపీయో షుగరో ఉండి, ఐదారు నెలలు ఉందామని వెళ్లేవాళ్లకి ఇన్నాళ్లూ మేం చేయిస్తున్న ట్రావెల్ పాలసీ అమ్మడం ఆపేశాం. "కంపెనీయే వీళ్ల ఏజెన్సీ తీసేసిందట" అని గుంటూరులో ఒకరిద్దరు అంటున్నట్టు నా చెవిన పడింది. ఎవరూ తీసెయ్యలేదు. మేమే వద్దనుకున్నాం.

ఎందుకో చెప్తాను. మొదటినుంచీ మా దగ్గరే పనులు చేయించుకుంటున్న ఒక పిన్నిగారు, రిటైరైన టీచరు, కూతురి పురిటికి డాలస్ వెళ్లారు. ప్రపోజల్ ఫారంలో ఆవిడకి బీపీ ఉందని, ఏ మాత్ర వేసుకుంటారో కూడా రాశాం. "అది రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని అడిగినవాళ్ల పని వదులుకున్నాం తప్ప, మేం ఎప్పుడూ దాచి పంపలేదు. అక్కడ బాత్రూంలో తడి నేల మీద జారిపడి ఆవిడ మణికట్టు విరిగింది. అల్లుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. పాలసీ మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే క్లెయిమ్ నంబరు ఇచ్చి, బిల్లు తామే కడతామని ఆసుపత్రికి మెయిల్ పెడతామన్నారు. ఆ మెయిల్ వెళ్లలేదు. పచ్చి బాలింత చంటిబిడ్డని ఒళ్లో పెట్టుకుని, మళ్లీ మళ్లీ అదే నంబరుకి ఫోన్ చేస్తూ కూర్చుంది. ఇక్కడినుంచి మేం చేసినా అదే జవాబు. చివరికి బిల్లు అల్లుడి క్రెడిట్ కార్డు మీద పడింది.

అంతటితో అయిపోలేదు. డబ్బు తిరిగి ఇమ్మని కాగితాలన్నీ పెడితే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆసుపత్రిలో నర్సు రాసుకున్న నోట్‌లో "తల తిరుగుతోందని చెప్పారు" అని ఒక లైను ఉందట. కాబట్టి బీపీ వల్లే కళ్లు తిరిగి పడ్డారని, బీపీ ముందునుంచీ ఉన్న జబ్బు కాబట్టి క్లెయిమ్ ఇవ్వమని తేల్చారు. పడి చెయ్యి విరిగిన మనిషికి తల తిరగదా? వచ్చినప్పుడు బీపీ మామూలుగానే ఉందని అక్కడి డాక్టరు ఇచ్చిన లెటరు కూడా జతచేశాం. దాని గురించి జవాబులో ఒక్క ముక్క లేదు. ఫారంలో మేం నిజాయితీగా రాసిన బీపీనే తెచ్చి ఆవిడ మీద వాడారు. నాకు అదే మింగుడు పడటంలేదు. కంపెనీ ఫిర్యాదుల విభాగం కూడా కుదరదనే రాసింది. ఇప్పుడు బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే, హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి పెడుతున్నాం. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కాగితాల పనంతా మాదే. వదిలిపెట్టం.

దీని తర్వాత ఏం చెయ్యాలన్న దగ్గర చాలా నలిగాను. ఇంకో కంపెనీకి మారిపోవచ్చు. మారదామనే మిగతా కంపెనీల పాలసీ కాగితాలు తెప్పించి, చిన్నక్షరాలతో సహా చదివాను. వయసు పెరిగేకొద్దీ గది అద్దెకి ఇంత, సర్జన్‌కి ఇంత అని సబ్‌లిమిట్లు. పాత జబ్బుకైతే ప్రాణం మీదికొస్తేనే, అదీ కొంతవరకే. పైన పెద్ద అంకె, లోపల ఈ కోతలు. మా ఆఫీసు అద్దెలో మంచి భాగం ఈ కమీషన్ల నుంచే వచ్చేది. "అందరూ అమ్ముతున్నారు, మనమూ అమ్ముదాం" అని ఇంట్లోవాళ్లే అన్నారు. నా వల్ల కాలేదు. రేపు ఇంకో పిన్నిగారి కూతురు రాత్రిపూట ఫోన్ చేస్తే నేనేం చెప్పను?

అందుకని అమెరికా వెళ్లే పెద్దలకి ఇకమీదట, అక్కడున్న పిల్లల చేతే విజిటర్ ఇన్సూరెన్స్ కొనిపించమని చెప్తున్నాం. అందులోనూ చవగ్గా వచ్చే ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ వద్దు, దానిలో ఒక్కో చికిత్సకి ఇంతే అని ముందే గిరిగీసి ఉంటుంది. అలా చికిత్సకింత అని కాకుండా, అయిన బిల్లును బట్టి పాలసీ పరిమితి వరకు ఇచ్చే కాంప్రహెన్సివ్ ప్లాన్ తీసుకోమనండి. దాన్లోనూ డిడక్టిబుల్, అంటే కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టేలోపు బిల్లులో మన వంతు, మీరే కట్టుకోవాలి, పాత జబ్బుకి మామూలు చెకప్‌లు రావు. "అక్యూట్ ఆన్‌సెట్" అని ఉంటే, పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరినప్పుడు, సాధారణంగా 24 గంటల్లోపు వైద్యానికి వెళ్తేనే వర్తిస్తుంది. దానికీ వయసును బట్టి పరిమితులుంటాయి. ఈ ప్లాన్ల మీద మాకు ఒక్క రూపాయి రాదు. పిల్లలతో ఫోన్ కలిపి, పాలసీ కాగితం మీ ముందే చదివి వివరిస్తాం. అందుకు విడిగా ఫీజు తీసుకుంటాం. ఇదివరకు కమీషన్‌లో కొంత తగ్గించమని అడిగినవాళ్లకి కాదన్నామని కోపాలు వచ్చాయి. 1938 ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అలా వెనక్కివ్వడం నేరం. ఇవ్వలేదు, ఇవ్వం.

వీసా పనుల్లో ఏ మార్పూ లేదు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపడం, ఇంటర్వ్యూ స్లాటు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి సిద్ధం చెయ్యడం ఎప్పటిలాగే. వీసా ఫీజు ఇప్పుడు 185 డాలర్లు. 2025 సెప్టెంబరు నుంచి ఎనభై దాటినవాళ్లు కూడా మామూలుగా ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. పదేళ్ల వీసా ఉన్నా, ఈసారి ఎన్నాళ్లు ఉండొచ్చన్నది దిగిన చోట అధికారి ఇచ్చే ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదు) తేదీని బట్టే. ఇంకొన్నాళ్లు ఉండాలంటే ఆ తేదీ లోపే గడువు పొడిగించమనే ఐ-539 దరఖాస్తు పెట్టాలి, పాలసీ కూడా గడువు ముగియకముందే పొడిగించాలి. యూరప్ వెళ్లేవాళ్ల సంగతి వేరు. షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి అది మా దగ్గర దొరుకుతుంది.

ఇప్పటికే మా ద్వారా పాలసీ తీసుకుని అక్కడున్నవాళ్లు కంగారుపడకండి. ఏం జరిగినా ముందు ఆసుపత్రికి వెళ్లండి, ఆ తర్వాత మాకు ఫోన్ చెయ్యండి. నర్సుకి ఏం జరిగిందో వరసగా చెప్పండి, జారిపడితే జారిపడ్డామనే చెప్పి, అలాగే రాశారో లేదో పిల్లల్ని చూడమనండి. ఇంకా బయల్దేరనివాళ్లు పాలసీ రద్దు చేయించుకుంటామంటే ప్రయాణం తేదీ లోపు పాస్‌పోర్టు కాపీతో రండి. పిల్లలకి వీలైన టైం ముందురోజే చెప్తే, రాత్రి తొమ్మిది దాటినా ఆఫీసు తెరిచే ఉంచుతాం.