సింపుల్ మెషీన్స్ కిట్: పుస్తకంలో తప్పు, తిరగని కప్పీలు

కస్టమర్ కేర్ వారికి,

బెంగళూరు మారతహళ్లిలో శనివారాలు చుట్టుపక్కల తెలుగు పిల్లలకు సైన్సు చెబుతుంటాను. తెలుగు పుస్తకం కూడా వస్తుందని చూసి మీ సింపుల్ మెషీన్స్ కిట్ తెప్పించాను. వస్తువుల సంగతి తర్వాత, ముందు ఆ పుస్తకం సంగతి తేల్చండి.

పైన కొక్కేనికి బిగించిన ఒక్క కప్పీతో 200 గ్రాముల బరువు ఎత్తితే స్ప్రింగ్ త్రాసు 100 చూపిస్తుందని అచ్చేశారు. ఎలా చూపిస్తుందండీ? కదలని కప్పీ లాగే దిశను మారుస్తుందే కానీ బలాన్ని తగ్గించదు, పైగా ఒరిపిడి వల్ల 200 కన్నా కాస్త ఎక్కువే పడుతుంది. సగం కావాలంటే తాడు ఒక కొస పైన కట్టేసి, కప్పీ బరువుతోపాటు పైకి కదలాలి, అప్పుడు కూడా బరువు ఒక అడుగు లేవాలంటే తాడు రెండడుగులు లాగాలి. మీరు వేసిన బొమ్మేమో కదలని కప్పీది, లెక్కేమో కదిలేదానిది.

ఒక పాప త్రాసు చూసి 240 అని సరిగ్గానే రాసుకుంది. తర్వాత పుస్తకం తిరగేసి, కాగితం చిరిగేలా రబ్బరుతో రుద్ది, 100 వేసుకుంది. ఇందుకా నేను డబ్బులు పోసి కిట్ కొన్నది? ఫోన్ చేస్తే మీ అబ్బాయి "దారం సరిగ్గా కట్టి ఉండరు మేడమ్" అని పెట్టేశాడు.

అసలు 240 కూడా ఎక్కువే, అది మీ కప్పీల పుణ్యం. గాడిలో ప్లాస్టిక్ అంచులు గరుగ్గా అలాగే వదిలేశారు, చక్రం తిరగదు, దారమే దానిమీద ఈడ్చుకుంటూ పోతుంది. ఎస్‌పీ రోడ్డులో కొన్న ఇనుప కప్పీ పెడితే 210 దగ్గర ఆగింది.

లివర్ స్కేలుకు రంధ్రం నడిమధ్యలో లేదు, ఖాళీగా వేలాడదీసినా ఒక పక్కకు ఒరుగుతుంది. ఇటు 10 సెంటీమీటర్ల దూరంలో 100 గ్రాములు, అటు 20 దగ్గర 50 పెడితే సమంగా నిలబడాలి కదా! తేలిక పక్కన మైనం ముద్ద అతికించి సర్దుకున్నాం (పిల్లలకు ఆ పని తెగ నచ్చింది, అది మీ గొప్పేం కాదు). వాలుబల్ల బాగానే ఉంది.

కప్పీలు, స్కేలు మార్చి పంపండి. ఆ పేజీ సరిదిద్ది కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ పంపండి. నంబర్లు లేవనకండి, ఆఫర్ల మెసేజీలు రోజూ వస్తూనే ఉన్నాయి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. బిల్లు, పేజీ ఫోటో, రెండు కప్పీలతో తీసిన వీడియో జత చేశాను.